పాత నంబరు తలుపు తట్టేవాళ్ళు

మీరే చేశారు కాప్. మీరూ, మీ రిబ్బను కత్తెరా, బల్ల మీద నోరు తెరుచుకుని పడుకున్న ఆ కాల్చిన పందీ, లాప్‌టాప్ మీద పవిత్ర జలం చల్లిన ఫాదరూ, చప్పట్లు కొట్టిన కమిటీ, అందరూ కలిసి చేశారు. పాత సర్వరును ఇవాళ మధ్యాహ్నానికల్లా తుడిచెయ్యమని సంతకం పెట్టింది మీ చెయ్యే. ఆ చెయ్యి ఇప్పుడు ఇంట్లో వెల్లుల్లి అన్నంలో గుడ్డు చిదుపుకుంటూ ఉంటుంది. సముద్రం మీద మనుషులు తలుపు కొడుతుంటే ఇంటికి తాళం వేసి, ఆ ఇల్లే కూలగొట్టమని కూలివాళ్ళను పిలిచిన పెద్దమనిషి మీరు. నావికుల కుటుంబాల సంఘానికి పెద్ద, అందరూ కాప్ అని పిలిచే కెప్టెన్ ఆర్సిల్యాను ఫెలీసా మాగ్బానువా ఇవన్నీ పైకి అనడం లేదు. పెదవులు బిగబట్టి, ప్లాస్టిక్ సంచిలో చుట్టిన ఫోనును రెండు చేతులా పట్టుకుని, మనీలా టాఫ్ట్ రోడ్డు మీద వాననీళ్ళలో కదలకుండా నిలబడిపోయిన జీప్నీ బండిలో, ఎదురెదురు వరసల తడి మోకాళ్ళ మధ్య కూర్చుని ఉంది. కిటికీలకు దించిన ప్లాస్టిక్ పరదా మీద వాన డప్పు కొడుతోంది. పైన రైలు పట్టాలు, రైలు స్టేషన్ మెట్ల మీద నుంచి రోడ్డు దాకా దిగిన క్యూ. ఆ క్యూలో నిలబడలేకే ఈ జీప్నీ ఎక్కింది. ఎక్కి తప్పు చేసిందా? దిగి నడిస్తే? బుయెందియా రోడ్డు మలుపు దాటితే పాత సర్వరు అద్దెకిచ్చిన కంపెనీ మేడ వస్తుంది, పొడి నేల మీదైతే నడకే, ఈ నీళ్ళలో ఎక్కడ మూత లేని కాలువ ఉందో ఎవడికి తెలుసు. మధ్యాహ్నం. మధ్యాహ్నం అంటే వాళ్ళకు ఎప్పుడు? భోజనానికి ముందా, తిన్నాకా? తిన్నాకే అయితే బాగుండు. ఈ ఊళ్ళో ఎవడైనా తినకుండా పని చేస్తాడా? యంత్రాలు చేస్తాయి. యంత్రానికి ఆకలి లేదు, టైము చెప్పి పెడితే టైముకు తుడిచేస్తుంది.

పొద్దున ఆఫీసుకు రాగానే కప్పులో కాఫీ పొడి కలుపుకుంటూ పాత సర్వరును ఊరికే తెరిచింది. పనేమీ లేదు. అద్దె ఇల్లు ఖాళీ చేశాక తాళం చెవి ఇచ్చేముందు గదులన్నీ ఓసారి తిరిగి వస్తాం కదా, అలాగ. సంఘం సైటు పుట్టి పెరిగింది అందులోనే. కలావ్ వీధిలో చెట్ల కింద ఓడ ఉద్యోగాల కోసం నిలబడే మగవాళ్ళ భార్యలూ తల్లులూ కలిసి పెట్టుకున్న సంఘం అది. సైటులో 'సాయం కావాలి' అని ఒక పేజీ. ఏ ఓడ మీద ఏ కష్టం వచ్చినా అక్కడ రాస్తే సంఘంలో ఇద్దరు ముగ్గురికే కనబడుతుంది, ఎందుకంటే యజమాని కంట పడితే ఆ రాసినవాడికి మళ్ళీ ఓడ దొరకదు. అందుకే ఆ రాతలన్నీ లోపలి గదిలో, సర్వరు కంపెనీ గేటు దాటితే గాని కనబడని చోట ఉంటాయి. శనివారం నాడే వాటన్నిటినీ కాపీ చేసి కొత్త సర్వరులో పెట్టారు. ఆ తర్వాత పాతదాంట్లో కొత్త రాత ఒక్కటీ పడకూడదు. పడ్డాయి. ఒకదాని కింద ఒకటి, వరసగా, అన్నీ ఆదివారం నాటివి. కాఫీ కలిపే చెంచా కప్పులోనే ఆగిపోయింది. మొదటిది తెరిచింది. యజమాని జీతాలూ నీళ్ళూ ఇవ్వకుండా వదిలేసిన 'లూసెర్నా స్టార్' ఓడ వంటవాడు డెల్ఫిన్ రాసింది, వాళ్ళందరికీ ఆమె మనాంగ్, అక్క. "మనాంగ్ ఫెలీసా, నీళ్ళ ట్యాంకు అడుగు కనబడుతోంది. అన్నంలోకి సగం సముద్రపు నీళ్ళు పోస్తున్నా, నా వంటకు మొదటిసారి ఎవరూ ఉప్పు తక్కువైందనడం లేదు. ఇంజను గది ఆయిలర్ జునీకి జ్వరం దిగట్లేదు, కాలి గాయం నల్లబడింది. యజమాని మనుషులు టగ్గు పడవ తెచ్చారు. ఇక్కణ్ణించి లాక్కెళ్ళి ఇంకోచోట వదిలేస్తారట. ఎక్కడికో ఫిట్టరు విన్నాడట, కనుక్కుని వెంటనే రాస్తా. జనరేటరు ఆదివారమే వేస్తున్నారు, ఇంకాసేపట్లో ఆపేస్తారు." దాని కింద డెల్ఫిన్‌దే ఇంకో రాత. శీర్షిక ఒక్కటే కనబడింది. 'ఎక్కడికంటే' అని. వేలితో నొక్కింది. తెర తెల్లబడి, పైన కంపెనీ బొమ్మ, కింద ఒక వాక్యం. ఈ ఖాతా మూసివేయబడింది, మీ ఆదరణకు కృతజ్ఞతలు. మళ్ళీ నొక్కింది. మళ్ళీ కృతజ్ఞతలు. అప్పటి నుంచి ఆ ఒక్క మాట కింద ఏముందో అని ఆమె తల పిచ్చెక్కిపోతోంది. ఏ రేవు? ఏ దేశపు నీళ్ళు? ఊరి పేరు తెలిస్తే అక్కడ నావికులకు సాయపడే చర్చి మిషన్‌కు ఫోన్ చెయ్యొచ్చు, రేవు డాక్టరును పడవ ఎక్కించొచ్చు, రాయబార కార్యాలయం తలుపు బద్దలు కొట్టొచ్చు. ఊరి పేరు లేకపోతే ఎవరికి చెప్పాలి, ఎక్కడని చెప్పాలి, సముద్రం అని చెప్పాలా?

"ముందుకివ్వండి, ఛార్జీ, కళాశాల దగ్గర ఒకరు," అని వెనక నుంచి ఒక చెయ్యి. ఫెలీసా చూడకుండానే అందుకుని పక్కామెకిచ్చింది, పక్కామె డ్రైవరుకు, డ్రైవరు చిల్లర వెనక్కి, చేతి మీంచి చేతికి, తడి నాణేలు, ఎవరూ లెక్క చూసుకోరు. ఇంత గుడ్డి నమ్మకం మీద ఊరు నడుస్తోంది. సైటు కూడా ఇలాగే నడుస్తుందని మొదట్లో ఆమెకు అర్థమైన రోజు ఎంత సంతోషపడిందో! నువ్వు పేరు అడుగుతావు, మధ్యలో ఎవరో ఆ పేరుకు నంబరు చెబుతారు, ఆ నంబరున్న యంత్రం దగ్గరికి నీ మాట చేతులు మారి పోతుంది. ఇల్లు మారినప్పుడు పేరు మారదు, నంబరు మారుతుంది. మనీలాలో ఫోన్లన్నీ ఆదివారం మధ్యాహ్నానికే కొత్త నంబరు నేర్చేసుకున్నాయి. ఓడ మీద ఉపగ్రహపు పెట్టె మాత్రం అలా నేర్చుకోదు. పైకి అడగడం ప్రతిసారీ ఖర్చు గనక ఒకసారి చెప్పిన నంబరును పళ్ళ మధ్య కరిచిపట్టుకుని ఉంటుంది, రోజుల తరబడి. ముసలి తపాలా మనిషిలాగ, ఇల్లు ఖాళీ అయిందన్నా వినకుండా అదే గుమ్మంలో ఉత్తరం పడేసి పోతుంది. పాత గుమ్మం ఇంకా తెరిచే ఉంది. బయటి గుమ్మం తెరిచి ఉంది, లోపలి గది మూసి ఉంది. ఈ నిమిషాన కూడా ఏదో ఓడ నుంచి ఎవడో రాస్తూ ఉండొచ్చు, 'పంపబడింది' అన్న ఆకుపచ్చ గుర్తు చూసుకుని, అమ్మయ్య అనుకుని, పక్కవాడి భుజం తట్టి. ఆ ఆకుపచ్చ గుర్తు పెట్టింది తనే. ఎండలో తెర కనబడదని ముదురు ఆకుపచ్చ ఎంచింది.

తాళం వెయ్యాల్సింది. వేసింది కూడా! శనివారం కాపీ తీయగానే పాత సైటు ముఖం మీద 'ఇల్లు మారుతున్నాం, కాసేపు రాయకండి, అత్యవసరమైతే ఈ నంబరుకు ఫోన్ చెయ్యండి' అని పెట్టింది. ఎవరైనా అదే చేస్తారు, మారేటప్పుడు పాతదాన్ని ముయ్యాలి, లేకపోతే సగం సామాను ఒక ఇంట్లో, సగం ఇంకో ఇంట్లో. కానీ కొత్త సైటుకు ఆశీర్వాదం పెట్టించాలని కాప్ అన్నాడు. కొత్త ఇంటికి చేయిస్తాం, కొత్త జీప్నీకి చేయిస్తాం, చేపల పడవకు చేయిస్తాం, ఇంతమంది ప్రాణాలు మోసే సైటుకు చేయించకపోతే ఎలా అన్నాడు. కమిటీ ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. ఫాదర్‌కు ఆదివారం రెండో పూజ అయ్యాకే ఖాళీ. అందుకని ఆదివారం. గ్రాఫు కూడా చూశారు, ఆదివారం పొద్దున సైటుకు జనం తక్కువ అని గీత కిందికి దిగి ఉంది, ఆ గీతలో మనీలా వాళ్ళు ఎందరో ఓడల వాళ్ళు ఎందరో ఎవరూ విడదీసి చూడలేదు, ఫెలీసా కూడా. ఓడల మీద డెక్కు కడిగే పని లేని రోజు, ఓడ కంపెనీ ఊరికే ఇచ్చే ఇంటర్నెట్ నిమిషాలు దొరికే రోజు, వారమంతా ఇంటికి చెప్పాలనుకున్నవన్నీ ఒకేసారి చెప్పుకునే రోజు ఆదివారమే. ఆ కమిటీ గదిలో కూర్చున్న ప్రతి ఆడదీ ఆదివారం ఫోన్ కోసం వారమంతా ఎదురుచూసినదే. అయినా ఒక్కరికీ తోచలేదు. పందిని ఎక్కడ కాల్పించాలి అన్నది తోచింది, చికెన్ బదులు నూడుల్స్ సరిపోతాయా అన్నది తోచింది. దానం ఇచ్చిన విదేశపు పెద్దలు తెర మీద చూస్తారట, శనివారం రాత్రే కాప్ ఫోన్ చేసి, "ఇహా, అమ్మాయీ, సైటు ముఖం మీద 'రాయకండి' అని ఏమిటది? ఆశీర్వాదం నాడు మూసిన తలుపు కనబడితే అపశకునం. తీసెయ్యి. ఒక్క పూట," అన్నాడు. ఒక్క పూట. తీసేసింది. మర్నాడు ఫాదర్ కుంచెతో నీళ్ళు చల్లితే కీబోర్డు మీద ఎక్కడ పడతాయో అని దాని మీద చేతిరుమాలు కప్పడమే ఆమెకు పెద్ద పనైపోయింది. కాప్ చూపుడువేలు గాలిలో తిప్పి, ఓడను నీళ్ళలోకి తోస్తున్నట్టు, మీట నొక్కాడు. చప్పట్లు. కెమెరా. పంది చర్మం పటపటమంది. ఆ పక్కనే ఒక కాగితం. పాత కంపెనీ ఖాతా ఆయన పేరు మీదే, దాన్ని మూయించే కాగితం. "కొత్త ఓడ ఎక్కాక పాత ఓడ తాడు పట్టుకుని వేలాడేవాడు నీళ్ళలో పడతాడు!" అని నవ్వించి సంతకం గిలికాడు. ఇల్లలకగానే పండగైపోయింది మాకు.

జీప్నీ కదిలింది. కదిలి ఒక బస్సు పొడవు పోయి మళ్ళీ ఆగింది. నీళ్ళు మెట్టు ఎక్కాయి, ఎవరో చెప్పులు విప్పి చేతిలో పట్టుకున్నారు. ఫెలీసా ఫోను సంచిలో నుంచే మళ్ళీ కాప్ నంబరు నొక్కింది. మోగింది, మోగింది, ఈసారి ఎత్తాడు.

"ఇహా! ఇప్పుడే చూస్తున్నా సైటు. ఎంత వేగం! నా ఫోన్లో చక్కగా ఉంది, మనవరాలి ఫోన్లో ఇంకా చక్కగా ఉంది."

"మీ ఫోను మనీలాలో ఉంది కాప్. ఓడలకు పాతదే కనబడుతోంది. నిన్నటి రాతలన్నీ పాతదాంట్లో పడ్డాయి. లూసెర్నా స్టార్‌ను ఎక్కడికి లాక్కెళ్తున్నారో డెల్ఫిన్ రాశాడు, అది చదవబోయేసరికి గేటు వేసేశారు. మధ్యాహ్నం తుడిచేస్తారు."

"అంటే మన సైటు పని చేయట్లేదా? పని చేస్తోందిగా, చూస్తున్నానుగా."

"పని చేస్తోంది కాప్. అదే బాధ."

"నువ్వు నిద్రపోలేదు, అదీ నీ బాధ. కాస్త తిను. వాళ్ళకు ఫోన్ చెయ్యి, కెప్టెన్ ఆర్సిల్యా ఆపమన్నాడని చెప్పు."

"చేశాను. ఖాతా ఎవరి పేరు మీద ఉందో ఆయనే, ఐడీ కార్డుతో, ఎదురుగా నిలబడి చెప్పాలట. మీరు రావాలి. ఇప్పుడే."

"ఈ వానలోనా? నా బీపీ సంగతి నీకు తెలుసు ఇహా. అయినా డెల్ఫిన్ అంత తెలివి తక్కువవాడా, జవాబు రాకపోతే మళ్ళీ రాస్తాడు."

"జనరేటరు ఆదివారమే వేస్తారు కాప్. ఈ లోపల జునీ కాలు..."

గీ మంది ఫోను. సిగ్నలు పోయిందా, పెట్టేశాడా, ఆమెకు తెలీదు, రెండూ నమ్మగలదు. చెడ్డవాడు కాదే ఈ మనిషి. తను ఓడ నడిపిన రోజుల్లో ఇంటికి ఉత్తరం రాసి రేవులో వేస్తే అది ఎప్పుడో చేరేది, చేరకపోతే మళ్ళీ రాసేవాడు, సముద్రం మీద మనిషికి తొందర పనికిరాదని ఆయన నేర్చుకున్న పాఠం. అప్పుడు ఓడను వదిలెయ్యని యజమాని ఉండేవాడు కాప్, ట్యాంకులో నీళ్ళుండేవి. ఎద్దు పుండు కాకికి ముద్దా అంటారు, ఈయన కాకి కూడా కాదు, ఒకప్పుడు ఎద్దే, పుండు మానిపోయి మరిచిపోయాడు.

"నీకెవరమ్మా ఓడ మీద?" అంది పక్కామె. ఒళ్ళో ఆకు కప్పిన వెదురు చాటలో బియ్యపు కేకులు, వాన పడకుండా ఒంగి కూర్చున్న ముసలామె, బండిలో అందరికీ లోలా, అవ్వ. ఫోన్లో మాట్లాడినంతసేపూ జీప్నీ అంతా విన్నదని ఫెలీసాకు అప్పుడు తెలిసింది.

"నాకెవరూ లేరు లోలా. అందరూ ఉన్నారు."

"మా అల్లుడూ ఉన్నాడు. నార్వే వాళ్ళ ఓడ. మంచి ఓడేలే. అయినా ఆదివారం ఫోన్ రాకపోతే మా పిల్ల సోమవారం ఎవర్నీ బతకనివ్వదు." ముందుకి వంగి డ్రైవరు వీపు మీద చాటతోనే ఒక్కటి పొడిచింది. "ఏం బాబూ, నీ బండికి చక్రాలున్నాయా, పందిరి వేసుకుని కూచున్నావా?"

"ఎగిరే బండి ఆర్డరిచ్చాను లోలా, ఇంకా రాలేదు," అన్నాడు డ్రైవరు అద్దంలో చూస్తూ. "కుడివైపు సందులోకి తిప్పితే పోవచ్చు, పోలీసు పట్టుకుంటే?"

"పట్టుకుంటే నేను చెబుతాలే. నేను చచ్చిపోతున్నానని చెప్పు, ఈ మొహం చూస్తే నమ్ముతాడు."

జీప్నీ అంతా నవ్వింది. ఫెలీసాకు మాత్రం నవ్వు రాలేదు. బండి కుడికి తిరిగి రెండు గోడల మధ్య సందులో పడి, నీళ్ళను చీల్చుకుంటూ, కోళ్ళ బోనుల పక్క నుంచి, ఎండేసి తీసెయ్యడం మరిచిన బట్టల కింద నుంచి పోతోంది. ఇంత ఇరుకు సందులో ఎవరో ఒకరోజు ఆమెకు కూడా దారి చూపించారు. దారంటే గొప్ప దారేం కాదు, తన ఊరు ఇలోయిలోలో ఇంటర్నెట్ కొట్టు, గంటకింత అని చీటీలు అమ్మే పని. భర్త అంబో ఎక్కిన ఓడ వానాకాలం అంతా మాట లేకుండా పోయిన ఏడాది అది. ఏజెన్సీ చుట్టూ తిరిగితే 'రేపు రండి', ఆ రేపుకు రేపు. కొట్టులో పిల్లలు యుద్ధాల ఆట ఆడుతుంటే ఒక మూల కంప్యూటరు ముందు కూర్చుని, ఓడ పేరు కొడితే ఎవరైనా చూసినవాళ్ళు జవాబిచ్చే పేజీ ఒకటి ఎందుకు లేదు, ఎందుకు ఉండకూడదు అని తనే తడుముకుంటూ కట్టింది. చదువు చెప్పినవాడు లేడు. తప్పు చేస్తే ఎర్ర అక్షరాలతో తిట్టే యంత్రమే పంతులు. అచ్చువేసిన కేలండరు లాంటి పేజీ కాదు తను కట్టింది, వంటిల్లు లాంటిది. వచ్చినవాడు అడిగినప్పుడల్లా అప్పటికప్పుడు వండి పెట్టాలి, వాడు తెచ్చిన సరుకు కూడా లోపల పెట్టుకోవాలి. అంబో తిరిగొచ్చాక, ఎముకల మూటలా వచ్చాక, ఆకలి గురించి ఒక్కమాట అనలేదు. "మనం ఎక్కడున్నామో ఇంటికి తెలీదు, అదే తినేసింది ఫెలీ," అన్నాడు. మళ్ళీ ఓడ ఎక్కలేదు. ఇప్పటికీ అంగడికి పోతే ఏ వీధిలో ఉన్నాడో ఫోన్ చేసి చెబుతాడు. చేపలు కొనడానికి పోయి కూడా, ఇదిగో మూడో దుకాణం ముందున్నా అంటాడు. ఆమె విసుక్కుంటుంది. ఎప్పుడూ ఎత్తకుండా మాత్రం ఉండదు.

ఆ పాత వంటింటిని కొత్త యంత్రం మీదికి మార్చడం అంటే ఎన్ని నెలల పాట్లు. పాత యంత్రానికి ఒక భాష, కొత్తదానికి ఇంకోటి, ఒకదాని వంటకం ఇంకోదాని పొయ్యి మీద ఉడకదు. ప్రతి పేజీ వెనకున్న రాతను విప్పి మళ్ళీ అల్లింది. తేదీలు తిరగబడి, ఇంకా పుట్టని నెలలో మునిగిన ఓడలు కనబడ్డాయి. పెన్యా, మున్యోస్, నిన్యో, ఆ పేర్లలోని స్పెయిన్ అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలై కూర్చున్నాయి, ఎవరి మొహం చూసినా 'నువ్వెవరు' అని అడిగినట్టు. ఒక్కొక్క పేరునూ తిన్నగా కూర్చోబెట్టింది. జునీ ఇంటి పేరు కూడా అందులోదే. అంత పనీ బాగా చేసింది, ఎవరు కాదన్నా తను కాదనదు. కొత్త సైటు నిజంగానే వేగం, నిజంగానే చక్కన. మోతలో ఒక్క కుండ పగల్లేదు. దారిలో ఉన్నవాళ్ళ సంగతే మరిచారు. ఇల్లు మారేవాళ్ళు సామాను లెక్కపెట్టుకుంటారు గాని, ఈ ఇంటికని అప్పటికే బయల్దేరినవాళ్ళు ఎందరో లెక్కపెట్టరు.

ఫోను మళ్ళీ మోగింది. కాప్ అనుకుని తడబడుతూ తీసింది. ఎవాంజెలిన్. జునీ భార్య, గింబాల్ నుంచి. ఎత్తకుండా ఉంటే? ఏం చెప్పాలి? వేలు ఎత్తనే ఎత్తింది.

"మనాంగ్, కొత్త సైటు చూశా. బావుంది. నీలం రంగు మా చిన్నదానికి నచ్చింది." వెనక ఎక్కడో కోడి కూస్తోంది, ఎండ కాసే ఊరు అది, ఇక్కడి వాన అక్కడ లేదు. "మనాంగ్, నిన్న ఏమైనా రాశారా వాళ్ళు? ఆదివారం కదా. నాకు ఫోన్ రాలేదు. జునీ ఫోను ఎప్పుడో పాడైంది, డెల్ఫిన్ రాస్తాడుగా మీకు."

"రాశాడు ఎవా."

"ఏమన్నాడు? కాలు తగ్గిందటా?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. తగ్గుతోందట, మందులిచ్చారట. ఎంత తేలిక. ఈ పూటకైనా ఆ పిల్ల అన్నం తింటుంది. పక్కన ముసలామె చాట మీద ఆకు సర్దుతూ చెవి ఇటే పెట్టింది. "తగ్గలేదు," అంది ఫెలీసా. "ఓడను ఇంకోచోటికి లాక్కెళ్తున్నారు. ఎక్కడికో రాశాడు, అది నా చేతికి ఇంకా రాలేదు. దానికోసమే పోతున్నా. తెచ్చి నీకు ఫోన్ చేస్తా."

కోడి మళ్ళీ కూసింది. "మీ చేతికి ఇంకా రాలేదంటే... పంపాడు కదా? పంపాడంటే వచ్చినట్టే కదా మనాంగ్?"

"ఆపండి! ఇక్కడ ఆపండి!" అని అరిచి పైకప్పు మీద గుద్దింది ఫెలీసా. సందు చివర పెద్ద రోడ్డు, అవతల గాజు మేడ కనబడుతోంది. జీప్నీ ఆగేలోగానే నీళ్ళలోకి దూకింది. మోకాలు దాటిన నీళ్ళు, నల్లగా, నూనె రంగులు తేలుతూ. వెనక నుంచి ముసలామె, "నీ చెప్పు! నీ చెప్పు పోతోందే పిల్లా!" పోనీ. కాలి కింద ఏదో మెత్తగా, ఏదో గరుకుగా. పంపాడంటే వచ్చినట్టే కదా. కదా. ఆ పిల్ల నమ్మింది తను పెట్టిన ఆకుపచ్చ గుర్తునే. డెల్ఫిన్ నమ్మాడు. ఇంతమంది నమ్మిన గుర్తు కింద ఇవాళ గొయ్యి తవ్వి పెట్టారు. దారి అడ్డం వచ్చిన ట్రైసైకిలు వాడు ఏదో తిట్టాడు, ఆమె అంతకు పెద్ద తిట్టు తిరిగి ఇచ్చింది, ఇలోయిలో భాషలో, వాడికి అర్థం కాకపోయినా బరువు తెలిసేలా. గాజు తలుపు. చల్లటి ఏసీ గాలి తడి బట్టల మీద కత్తిలా. గార్డు ఆమె పాదాల వంక, ఒక కాలికే ఉన్న చెప్పు వంక చూసి, "అపాయింట్‌మెంట్ ఉందా మేడమ్?" అన్నాడు. "ఉంది, మధ్యాహ్నానికి," అని దాటేసింది. ఆ మాట అబద్ధమేం కాదు.

కౌంటరు వెనక అమ్మాయి, ఉతికి ఇస్త్రీ చేసిన నవ్వు, మెడలో కార్డు. ఫెలీసా చెప్పిందంతా విని, కంప్యూటరులో కొట్టి చూసి, "సారీ మేడమ్, ఖాతా కెప్టెన్ ఆర్సిల్యా గారిది. ఆయనే స్వయంగా మూయించారు. మీరు ఆయన కారు కదా," అంది. "మా ఇంజినీర్లు భోజనానికి దిగేముందు మూసిన ఖాతాలన్నీ ఒకేసారి శుభ్రం చేస్తారు. మేము కాపీలు ఉంచం, అది మా నియమం, మీ రహస్యాల కోసమే." ఆమె భుజం మీదుగా లోపల గాజు గది, అందులో చలికి జాకెట్లు వేసుకున్న ఇద్దరు, ఒకడు టిఫిన్ డబ్బా మూత తీసి వాసన చూస్తున్నాడు. భోజనానికి దిగేముందు. వాళ్ళకు ఆకలేస్తోంది. ఫెలీసా ఫోనును సంచిలోంచి తీసి, కాప్ నంబరు నొక్కి, స్పీకరు పెట్టి, కౌంటరు మీద మధ్యలో పెట్టింది. నీళ్ళు ఓడుతూ ఆ తెల్ల బల్ల మీద చిన్న మడుగు కట్టింది.

"హలో ఇహా," అన్నాడు కాప్. "ఇంకా వాన తగ్గలేదు..."

"వినండి కాప్. అమ్మాయ్, నువ్వూ విను, లోపల డబ్బా తెరిచినతన్నీ పిలువు, అతనూ వినాలి." తన గొంతు ఆ హాలులో ఇంత పెద్దగా మోగుతుందని ఆమె అనుకోలేదు. గార్డు నాలుగడుగులు వచ్చి ఆగిపోయాడు. "ముందు ఆ తుడవడం ఆపండి. నన్ను లోపలికి రానివ్వక్కర్లేదు, నాకు పాస్‌వర్డ్ ఇవ్వక్కర్లేదు, మీ నియమం మీ దగ్గరే ఉంచుకోండి, ఆపడానికి ఏ నియమమూ అడ్డం రాదు. ఆ యంత్రం మీద ఆదివారం నుంచి పడ్డ ప్రతి రాతా మాకు కావాలి, ఒక్కటి తగ్గినా ఊరుకోను. ఆఖరి ఓడ కొత్త నంబరు నేర్చుకునేదాకా పాత గుమ్మం తెరిచే ఉండాలి, దానికి కావల్సింది ఏమిటో చెప్పండి, తెస్తాం, కానీ అంతదాకా దాని జోలికి ఎవరూ పోకూడదు. కాప్, జునీకి జ్వరం, ఓడ ఎటో పోతోంది, ఎటో తెలిసిన మాట ఈ గోడ అవతల ఉంది, దాని తాళం మీ పేరు మీద ఉంది. బీపీ మాత్ర వేసుకోండి. ఐడీ కార్డు జేబులో పెట్టుకోండి. మనవరాల్ని గొడుగు పట్టమనండి. బండి దొరక్కపోతే నడవండి, నేను నడిచాను. మీరొచ్చేదాకా నేనీ కౌంటరు ముందు నుంచి కదలను, వీళ్ళనీ అన్నానికి లేవనివ్వను. బయల్దేరండి కాప్."